కుక్క మూలగకపోతే నొప్పి లేనట్టేనా?

హేతువాదులం మనం ఏ సభలో మాట్లాడినా రాజ్యాంగంలోని 51-ఎ అధికరణాన్ని ఒక్కసారైనా తలుచుకుంటాం. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని అందులోని 'హెచ్' క్లాజు చెబుతుంది. 1976లో 42వ సవరణతో వచ్చిన ఈ మాట మన కరపత్రాల మీద, బ్యానర్ల మీద ఉంటుంది. దానికి సరిగ్గా పైన ఉన్న 'జి' క్లాజును మాత్రం మనవాళ్ళు పెద్దగా చదవరు. అడవులను, చెరువులను, నదులను కాపాడాలని, ప్రాణుల పట్ల దయ కలిగి ఉండాలని అందులో ఉంది. 'దయ' అనే మాట వినగానే మనలో చాలామందికి అది సాధువుల వ్యవహారంలా కనిపిస్తుంది. ప్రవచనాల్లో ఎక్కువగా వినపడే మాట కాబట్టి అలా అనిపించడంలో వింత లేదు. కానీ నా వాదన ఏమిటంటే, పెంపుడు కుక్క నొప్పి విషయంలో కింది క్లాజు లేకుండా పై క్లాజును పాటించడం కుదరదు. దయ ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పరిశీలన లేని దయ ఆ కుక్కకు ఏ మేలూ చేయడం లేదు.

నేను ఉండేది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, సుపేలాలో. ఈ ఊరు తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఉక్కు కర్మాగారం ఇది. రైలు పట్టాలకు అవతల సెక్టార్లు, కంపెనీ క్వార్టర్లు. ఇవతల సుపేలా బజారు. ఆదివారం సంత రోజైతే రోడ్డు మీద నడవడమే కష్టం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకు, కూలి పనులకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక కొంతమంది సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు. కొంతమంది సుపేలాలోనో, చుట్టుపక్కలో ఇల్లు కట్టుకుని ఉండిపోతారు.

అలా ఉండిపోయిన ఒక పెద్దాయన మా వీధిలో ఉన్నారు. ఆయన ఇంట్లో పదకొండేళ్ళ లాబ్రడార్ ఉంది. క్వార్టరులో ఉన్నప్పుడు గరుకు సిమెంటు నేల మీద, పెరట్లో మట్టిలో తిరిగిన కుక్క అది. కొత్త ఇంట్లో అద్దంలా మెరిసే టైల్స్ వేయించారు. అతిథులు టైల్స్‌ను మెచ్చుకుంటారు. కుక్క మాత్రం గోడ వారనే నడుస్తుంది. మేడ మెట్లు ఎక్కడం మానేసింది. పొద్దున లేచేటప్పుడు ముందు కాళ్ళ మీద బరువు వేసి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ రెండు మూడుసార్లు ప్రయత్నించి లేస్తుంది. కూర్చున్నప్పుడు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది.

"దానికేటైంది బాబూ, బద్ధకం. తిని తొంగుంటాది," అన్నారు పెద్దాయన. ఆయన కోడలు అభిప్రాయం వేరు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళ కళ్ళు పడ్డాయని ఆవిడ మెడలో నల్లతాడు కట్టింది. ఎదురింటి హిందీవాళ్ళది మూడో సిద్ధాంతం. ఆ ఇంటి మీద శని ప్రభావం ఉందని, శనివారం నల్లకుక్కకు ఆవనూనె రాసిన రొట్టె పెడితే పోతుందని వాళ్ళు చెప్పారు. మన లాబ్రడార్ నల్లదే కావడంతో వీధి మొత్తానికి శని పరిహారం చేసుకోవడానికి అదే దొరికింది. శనివారం వచ్చిందంటే గేటు దగ్గర రొట్టెలే రొట్టెలు. కీళ్ళ నొప్పితో ఉన్న కుక్కకు అన్నిటికంటే చెడ్డది బరువు. ఆ బరువును భక్తితో పెంచారు. శని నిజంగా ఎవరినైనా పట్టిందంటే ఆ కుక్కనే పట్టిందని చెప్పుకోవచ్చు.

తరువాత ఒకరోజు మనవడు దాని నడుము మీద వాలాడు. అది గుర్రుమని పళ్ళు చూపించింది. కరవలేదు. అంతే, "దీనికి పిచ్చెక్కుతోంది, ఎక్కడైనా దూరంగా వదిలేద్దాం" అనే మాట ఇంట్లో వచ్చింది. విషయం అక్కడిదాకా వచ్చింది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను. కుక్కలో వచ్చిన మార్పులన్నీ ఇంట్లోవాళ్ళు చూశారు. మెట్లు ఎక్కకపోవడం చూశారు, లేవలేకపోవడం చూశారు, గుర్రుమనడం చూశారు. బద్ధకం, దిష్టి, శని, పిచ్చి అని నాలుగు కారణాలు చెప్పుకున్నారు. నొప్పి అనే అయిదో కారణం ఎవరికీ తోచలేదు. ఎందుకంటే అది మూలగలేదు.

ఇంగ్లాండులోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరకు పంపిన కుక్కలు, పిల్లులలో కనీసం మూడో వంతు జంతువులకు ఏదో ఒక రకం నొప్పి ఉందని వాళ్ళ అంచనా. అంటే గుర్రుమనే కుక్కను చూసి "దీని బుద్ధి చెడింది" అనుకునే ముందు దాని నడుము, తుంటి, పళ్ళు, చెవులు చూడాలి. ఏదైనా తాకితే నొప్పి పుట్టే చోట మనమైనా చేయి విదిలిస్తాం కదా.

"కుక్కకు నొప్పి ఉందని ఎలా నిరూపిస్తావు? అది చెప్పలేదు కదా, నువ్వే ఊహించుకుంటున్నావు," అని మన సంఘంలోని ఒక మిత్రుడు అడిగాడు. హేతువాది అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దానికి జవాబు ఎప్పుడో వచ్చేసింది.

ముందు ఈ సందేహం ఎక్కడినుంచి పుట్టిందో చూడాలి. 17వ శతాబ్దంలో డెకార్ట్, ఆయన కంటే ఎక్కువగా ఆయన అనుచరులు, జంతువు ఒక యంత్రం అన్నారు. గడియారంలో చక్రం కిర్రుమన్నట్టు కుక్క అరుస్తుందే తప్ప లోపల బాధపడేది ఎవరూ లేరన్నారు. వాళ్ళు అలా అనడానికి వెనక ఉన్నది ఆత్మ సిద్ధాంతం. మనిషికి ఆత్మ ఉంది, జంతువుకు లేదు, కాబట్టి జంతువుకు బాధ లేదు. ఆత్మను నమ్మని మనం ఆ సిద్ధాంతం నుంచి వచ్చిన ముగింపును మాత్రం ఎందుకు మోస్తున్నాం? డార్విన్ 1872లో మనుషులు, జంతువులు భావాలను వ్యక్తం చేసే తీరు మీద ఒక పుస్తకమే రాశాడు. పరిణామాన్ని ఒప్పుకున్నవాడు వెన్నెముక, నరాలు, మెదడు మనకూ కుక్కకూ ఒకే మూలం నుంచి వచ్చాయని కూడా ఒప్పుకోవాలి. మనకు నొప్పిని తగ్గించే మార్ఫిన్ కుక్కకూ తగ్గిస్తుంది. నొప్పే లేకపోతే ఆ మందు తగ్గిస్తున్నది దేన్ని?

"అది రిఫ్లెక్స్ కావచ్చు" అంటారు. దానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి ఉంది. కుక్కల మీద కాదు, బ్రాయిలర్ కోళ్ళ మీద. బ్రిటన్‌లో చేసి 2000లో ప్రచురించారు. కుంటుతున్న కోళ్ళ ముందు, మామూలు కోళ్ళ ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒకదానిలో కార్ప్రోఫెన్ అనే నొప్పి మందు కలిపారు. కుంటి కోళ్ళు మందు కలిపిన దాణాను ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటి ఎంత ఎక్కువైతే మందు అంత ఎక్కువ తిన్నాయి. తిన్నాక వాటి నడక మెరుగైంది. రిఫ్లెక్స్‌కు దాణా ఎంచుకునే తెలివి ఉండదు. 2012 జూలైలో కేంబ్రిడ్జిలో కొందరు నాడీ శాస్త్రవేత్తలు స్పృహకు కావలసిన నాడీ నిర్మాణం మనుషులకే ప్రత్యేకం కాదని ప్రకటించారు. ఆ ప్రకటన కంటే ఆ కోళ్ళే నాకు బలమైన సాక్ష్యంగా కనిపిస్తాయి. ప్రకటనల మీద సంతకాలు ఎవరైనా చేయొచ్చు.

"చెప్పలేనివాడికి నొప్పి లేదు" అనే తర్కం కుక్కల దగ్గరే ఆగలేదని కూడా గుర్తు చేయాలి. 1980ల దాకా అనేక ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆపరేషన్లు చేసేటప్పుడు కదలకుండా ఉండే మందు ఇచ్చి, నొప్పి తెలియకుండా ఉండే మందు సరిగా ఇచ్చేవారు కాదు. పసిపిల్లల నరాలు ఇంకా తయారుకాలేదని, వాళ్ళకు నొప్పి తెలియదని డాక్టర్లే నమ్మేవారు. కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ సంతతి డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1987లో అచ్చయింది. ఫెంటనిల్ ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా ఉన్నాయని, ఆపరేషన్ తరువాత వచ్చే చిక్కులు కూడా తగ్గాయని తేలింది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం తన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు, మాటలతో చెప్పడం నొప్పిని తెలిపే అనేక మార్గాల్లో ఒకటి మాత్రమేనని, చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికిగానీ జంతువుకుగానీ నొప్పి లేదని అనలేమని దాని వివరణల్లో చేర్చింది. మా ఊళ్ళో కాంట్రాక్టు కూలీ నడుము నొప్పి అంటే "నాటకాలాడుతున్నాడు" అనే సూపర్‌వైజర్లు ఉన్నారు. అతను నోరు తెరిచి చెప్పినా నమ్మరు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇంతవరకు చదివి తల ఊపిన జంతు ప్రేమికులకు ఇప్పుడు చెప్పబోయేది నచ్చకపోవచ్చు.

పెద్దాయన కొడుకు చివరికి కుక్కను పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఎక్స్-రేలో రెండు తుంటి కీళ్ళూ అరిగిపోయాయని తేలింది. బరువు 41 కిలోలు. రక్తపరీక్ష చేసి కాలేయం, మూత్రపిండాలు బాగున్నాయని చూశాక నొప్పి మందు రాశారు. తిండి తగ్గించమన్నారు. కొన్ని వ్యాయామాలు నేర్పారు. మూడో రోజునే పెద్దాయన నాకు కబురు చేశారు. "కుక్క లేడిపిల్లలా పరిగెడతంది బాబూ!" నేను వెళ్ళి చూశాను. అది ఇదివరకటిలానే గోడ వారన నడుస్తోంది.

పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగా అలాగే కనిపించింది. మందు వేసుకున్న మనిషికి నమ్మకం వల్ల నొప్పి తగ్గినట్టు అనిపించడం మనందరికీ తెలిసిన ప్లాసిబో. కుక్క విషయంలో ఇంకో చిక్కు ఉంది. నమ్మకం కుక్కకు లేకపోయినా యజమానికి ఉంటుంది, తగ్గిందో లేదో చెప్పేది కూడా యజమానే. అమెరికాలో కాన్జెమియస్, ఎవాన్స్ అనే ఇద్దరు 2012లో దీన్ని లెక్కకట్టారు. కీళ్ళవాతంతో కుంటుతున్న 58 కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. కుక్క ఒక్కో కాలి మీద ఎంత బరువు వేస్తోందో కొలిచే పలక మీద వాటిని నడిపించారు. పలక మార్పు లేదని చెబుతున్నా, దాదాపు 57 శాతం సందర్భాల్లో యజమానులకు కుక్క మెరుగైనట్టు కనిపించింది. యజమానులకు ప్రేమ అడ్డం వచ్చిందనుకుందాం. పరీక్షించిన పశువైద్యులు కూడా 40 నుంచి 45 శాతం సందర్భాల్లో అదే పొరపాటు పడ్డారు.

ఈ ఒక్క లెక్క ముందు పెట్టుకుని బజారులో కుక్కల నొప్పికి అమ్ముతున్న వస్తువులన్నిటినీ చూడండి. అయస్కాంతాల పట్టీలు, రాగి గొలుసులు, హోమియో గుళికలు, మూలికల నూనెలు, రేకీ. "మా కుక్కకు పనిచేసింది" అని ప్రతిదానికీ సాక్షులు దొరుకుతారు. ఉత్తుత్తి మందుకే సగానికి పైగా సాక్షులు దొరికినప్పుడు వీటికి దొరకడంలో వింతేముంది? 'హోమియో మందు కుక్కకు కూడా పనిచేస్తుంది, కుక్కకు నమ్మకాలుండవు కదా, కాబట్టి అది ప్లాసిబో కాదు' అనే వాదన నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పైన చెప్పిన 58 కుక్కలే దానికి సమాధానం. ఈ మధ్య నగరాల్లో ఇంకో వృత్తి మొదలైంది. ఫోటో పంపితే చాలు, మీ కుక్క మనసులో ఏముందో టెలిపతీతో తెలుసుకుని చెబుతామంటారు. గంటకు ఇంత అని రుసుము. సోది చెప్పేవాళ్ళను నవ్వుకునే చదువుకున్నవాళ్ళు వీళ్ళకు ఆన్‌లైన్‌లో డబ్బు కడుతున్నారు. కుక్కకు నొప్పి ఉందో లేదో తెలుసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. దానికి శాస్త్రం చెప్పిన దారి వాళ్ళకు ఎవరూ చూపించకపోతే టెలిపతీవాళ్ళే చూపిస్తారు.

దారి ఉంది, అది చాలా మామూలుగా ఉంటుంది. గ్లాస్గో, పెన్సిల్వేనియా, హెల్సింకి విశ్వవిద్యాలయాల వాళ్ళు కుక్కల నొప్పిని అంచనా వేయడానికి ప్రశ్నావళులు తయారుచేశారు. గ్లాస్గోది ఆపరేషన్ల వంటి తాత్కాలిక నొప్పికి, మిగతా రెండూ దీర్ఘకాలిక నొప్పికి. లేవడానికి ఎంత కష్టపడుతోంది, మెట్లు ఎలా ఎక్కుతోంది, పరిగెడుతోందా, ఆటకు వస్తోందా వంటి ప్రశ్నలకు అంకెల్లో జవాబు రాయాలి. అందులో రహస్యం ఏమీ లేదు. నేను పెద్దాయన కొడుకుతో ఇంకొంచెం కఠినంగా ఉండమన్నాను. వారానికి ఒకసారి, అదే సమయానికి, అదే మూడు మెట్ల దగ్గర ఫోనులో వీడియో తీయమన్నాను. పొద్దున ఎన్ని ప్రయత్నాల్లో లేచిందో క్యాలెండరు మీద రాయమన్నాను. తారీఖులు కనపడకుండా ఆ వీడియోలు కలిపేసి, కుక్కను ఎన్నడూ చూడని ఒక కుర్రాడికి చూపించి, ఏది మెరుగ్గా ఉందో చెప్పమన్నాం. ఒక కుక్కతో ఏదీ రుజువు కాదు, అది నాకూ తెలుసు. ఆ ఇంట్లో మందు కొనసాగించాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి అది చాలు.

మూడు నెలలకు తేలిందేమిటంటే, లేవడం బాగుపడింది. మెట్లు పెద్దగా బాగుపడలేదు. బరువు అయిదు కిలోలు తగ్గింది. పెద్దాయన ఇప్పటికీ పూర్తిగా నయమైపోయిందనే చెబుతారు.

ఫిజియోథెరపీ అనగానే మనవాళ్ళు నవ్వుతారు. "మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఫిజియోథెరపీనా!" నీళ్ళలో నడిపించే ట్రెడ్‌మిల్లు, లేజర్ యంత్రం ఉన్న పెట్ క్లినిక్కుల ఫోటోలు చూసి వాళ్ళు అలా అంటారు. అవి డబ్బున్నవాళ్ళ వ్యవహారమే, కాదనను. లేజర్, అల్ట్రాసౌండ్ వంటివాటికి ఉన్న ఆధారాలు కూడా బలహీనమైనవి. మా వీధిలో జరిగినదాంట్లో ఖర్చు ఎంతో చూడండి. కుక్క నడిచే దారిలో టైల్స్ మీద పాత గోనెసంచులు కుట్టి పరిచారు. జారిపోతానన్న భయం లేకపోవడంతో అది మొదటి రోజు నుంచే గది మధ్యలో నడిచింది. ఇందులో ప్లాసిబోకు చోటు తక్కువ. రోజూ ఒకేసారి గంటసేపు తిప్పే బదులు పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు మెల్లగా నడిపించారు. కూర్చోబెట్టి లేపడం అయిదుసార్లు, కొద్దిరోజుల తరువాత పదిసార్లు. అది తొడ కండరాలకు వ్యాయామం. పడుకున్నప్పుడు తుంటిని డాక్టరు చూపించినంత మేరకే మెల్లగా ముందుకు వెనక్కు కదిలించారు, లాగలేదు. చలికాలం పొద్దుట గోరువెచ్చని కాపడం పెట్టారు. ఇందులో ఏది వైద్యుడి దగ్గర నేర్చుకున్నా ఒక్క పూటలో వచ్చేస్తుంది.

అన్నిటికంటే బలమైన ఆధారం ఉన్నది ఇంకా చౌక. 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్ కుక్కలను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించారు. వాటిని జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్ళు. కీళ్ళవాతం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. ఇది చేయించింది పెట్ ఫుడ్ తయారుచేసే పూరినా కంపెనీవాళ్ళే అన్నది తమాషా. తక్కువ తినమని చెప్పే ఫలితం వాళ్ళ వ్యాపారానికి అనుకూలం కాదు కాబట్టి దాన్ని ఇంకొంచెం ఎక్కువ నమ్మొచ్చు. శనివారం రొట్టెలు ఆపించడానికి ఆ ఇంట్లో పది రోజులు వాదించాల్సి వచ్చింది. కోడలుగారు చివరికి గేటుకు బోర్డు పెట్టారు, 'డాక్టరు గారు వద్దన్నారు' అని. శని గురించి వాదిస్తే వినని వీధి, డాక్టరు పేరు చెబితే విన్నది. నల్లతాడు ఇంకా మెడలోనే ఉంది. తాడుకు బరువు లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రల డబ్బాలు పెట్ షాపుల్లో విరివిగా అమ్ముతారు. 2022లో వచ్చిన ఒక సమీక్ష, అంతవరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసి, అవి నొప్పికి పనిచేయవని తేల్చింది. ఒమెగా-3 కొవ్వు ఆమ్లాలకు మాత్రం ఆధారం కనిపించింది. కొత్త మందుల్ని కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. నెలకోసారి ఇచ్చే బెడిన్వెట్‌మాబ్ అనే ఇంజక్షన్‌ను అమెరికా ఔషధ సంస్థ 2023లో అనుమతించింది. 2024 డిసెంబరులో అదే సంస్థ దాని దుష్ఫలితాల గురించి పశువైద్యులను హెచ్చరించింది. మంత్రాలకు, తాయెత్తులకు ఇలాంటి రెండో ఉత్తరం ఎప్పుడూ రాదు.

ఇక అత్యంత ప్రమాదకరమైనది మెడికల్ షాపులో మనుషుల మాత్ర కొని కుక్కకు వేయడం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు కడుపులో పుండ్లు, రక్తస్రావం తెప్పిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది. కుక్కకు కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. డైక్లోఫెనాక్ కథ మనదేశంలో మరీ విచిత్రం. పశువులకు నొప్పి తగ్గడానికి అది ఇచ్చారు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. దక్షిణాసియాలో రాబందుల నాశనానికి ఇదే కారణమని 2004లో తేలింది. 2006లో పశువుల వాడకానికి డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్‌ను, కీటోప్రొఫెన్‌ను కూడా నిషేధించారు. దయతో ఇచ్చిన మందే ఇది. ఏ ప్రాణి శరీరం ఏ మందును ఎలా తట్టుకుంటుందో తెలుసుకోకుండా ఇచ్చారు, అంతే తేడా.

ఇంకో విషయం. ఈ తుంటి జబ్బు లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అమెరికాలో 1966లోనే తుంటి ఎక్స్-రేలు చూసి ఏ కుక్కను సంతానానికి వాడవచ్చో చెప్పే సంస్థ మొదలైంది. ఇక్కడ కుక్కపిల్లను కొనేవాడు తల్లి ఎక్స్-రే అడగడు. "ప్యూర్ బ్రీడేనా? పేపర్లు ఉన్నాయా?" అని అడుగుతాడు. పెళ్ళి సంబంధాల్లో శాఖ, గోత్రం అడిగే అలవాటు కుక్కల బజారుకు కూడా వచ్చింది. శుద్ధి పేరుతో దగ్గరి సంబంధాలు కలిపి, కీళ్ళు చెడిన కుక్కను పుట్టించి, పాతిక వేలకు కొని, పదేళ్ళకు బద్ధకం అని తిట్టడం. మా వీధిలో ఏ జాతీ లేని కుక్కలు ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులు. వీధి కుక్కలు, రేబిస్ అనేది వేరే పెద్ద సమస్య. దాన్ని ఇందులో కలపను.

వదిలేద్దామన్న మాట గురించి కూడా చెప్పాలి. జంతువు ఆకలితో దప్పికతో బాధపడే పరిస్థితిలో దాన్ని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. రాజ్యసభలో 1950ల్లో రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టడం ఆ చట్టానికి దారితీసింది. మొదటి తప్పుకు అది పెట్టిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ జరిమానాకు భయపడి ఎవరూ ఆగరు. మా వీధిలో ఆగింది ఎక్స్-రే ఫిల్ము చూశాక. మనవడికి అది చూపించి ఎక్కడ తాకకూడదో చెప్పారు. ఆ తరువాత కుక్క గుర్రుమనలేదని కాదు, ఒకటి రెండుసార్లు గుర్రుమంది. వాడు చేయి తీసేశాడు, అంతే.

మా సంఘం బస్తీల్లో అద్భుతాల బండారం బయటపెట్టే కార్యక్రమాలు చేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో టోనహీ వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. అయినా మంత్రగత్తె పేరుతో ఆడవాళ్ళను హింసించడం ఆగలేదు కాబట్టి మా సమయం ఎక్కువగా దానికే పోతుంది, పోవాలి కూడా. దుర్గ్ దగ్గర అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి నుంచి ఎవరినైనా పిలిచి, మందు వేసిన కుక్క వీడియో, వేయని కుక్క వీడియో ఏది ఏదో చెప్పకుండా జనానికి చూపించి, ఎంతమంది సరిగా పోల్చుకుంటారో లెక్కపెట్టే కార్యక్రమం ఒకటి చేద్దామని నేను పోయిన సమావేశంలో ప్రతిపాదించాను. ప్లాసిబో అంటే ఏమిటో అరగంట ఉపన్యాసం కంటే దాంతో బాగా తెలుస్తుంది. ఇద్దరు సరే అన్నారు. ఒకాయన ఇది హేతువాద సంఘమా, కుక్కల సంఘమా అన్నాడు. కోశాధికారి ప్రొజెక్టరు అద్దె ఎంతవుతుందో కనుక్కుని చెప్పమన్నాడు.